ఒకే చేయి, రెండు పుస్తకాలు

నికొలో మాకియవెల్లి పేరు వినగానే మనకు గుర్తొచ్చేది 'ప్రిన్స్' ఒక్కటే. అధికారాన్ని ఎలా చేజిక్కించుకోవాలి, చిక్కినదాన్ని ఎలా నిలుపుకోవాలి, ఇచ్చిన మాటను ఎప్పుడు దాటాలి అని ఒక పాలకుడికి చెప్పిన 26 అధ్యాయాల చిన్న పుస్తకం అది. ఆయన్ని 'ఇటలీ చాణక్యుడు' అని పిలుచుకునేది ఆ పుస్తకాన్ని చూసే. కానీ అదే మనిషి, దాదాపు అదే కాలంలో, అంతకంటే ఎంతో పెద్దదైన మరో పుస్తకం రాశాడు. రోమన్ చరిత్రకారుడు లివీ మహాచరిత్రలోని మొదటి పది గ్రంథాలను ముందు పెట్టుకుని 142 అధ్యాయాల్లో చేసిన వ్యాఖ్యానం అది. అందులో ఆయన ప్రజల పక్షం. ఒక్క రాజు కంటే జనసమూహానికే వివేకమూ నిలకడా ఎక్కువంటాడు. రోమ్‌ను స్వేచ్ఛగా ఉంచింది సామాన్యులకూ సెనేట్‌కూ మధ్య జరిగిన తగవులేనంటాడు. రిపబ్లిక్‌కు ఉరి బిగించిన సీజర్‌ను కవులూ చరిత్రకారులూ పొగడటం చూసి మోసపోవద్దని హెచ్చరిస్తాడు.

ఈ రెండింటినీ ఒకే మనిషి ఎలా రాశాడు? ఏది నమ్మి రాశాడు, ఏది అవసరం కొద్దీ రాశాడు? రెండూ ఆయన బతికుండగా అచ్చు కాలేదు. 1527లో చనిపోయాక, లివీ వ్యాఖ్యానాలు 1531లో, 'ప్రిన్స్' 1532 జనవరిలో, రోమ్‌లో ఆంతోనియో బ్లాదో అచ్చుకూటం నుంచి ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వెంట వచ్చిన ప్రశ్నను అడగని తరం లేదు.

ఇది ఒక రచయిత వ్యక్తిత్వానికి సంబంధించిన చిన్న కుతూహలం కాదని నా నమ్మకం. కవి పెట్రార్క్ నాటి నుంచి ఇటలీలో పెరిగిన మానవతావాదం ఒక చదువు, ఆ చదువుతో పాటు ఒక ఆశ. వ్యాకరణం, వక్తృత్వం, కవిత్వం, చరిత్ర, నీతిశాస్త్రం ఈ ఐదూ ప్రాచీనుల దగ్గర నేర్చుకున్నవాడు మంచి పౌరుడవుతాడు, అలాంటి పౌరులున్న నగరం స్వేచ్ఛగా ఉంటుంది అన్నది ఆ ఆశ. ఫ్లోరెన్స్ దాన్ని ప్రభుత్వ కార్యాలయంలోకే తెచ్చుకుంది. 1375 నుంచి 1406లో చనిపోయేదాకా నగరానికి ఛాన్సలర్‌గా ఉన్న కొలుచ్చో సలుతాతి, ఆ తర్వాత 1427 నుంచి 1444 దాకా అదే కుర్చీలో కూర్చున్న లియొనార్దో బ్రూని ఇద్దరూ పండితులే. మాకియవెల్లి 1498లో, 29 ఏళ్ల వయసులో, ఆ ఛాన్సలరీలోనే రెండో ఛాన్సలర్ అయ్యాడు. ఆ చదువులోంచి వచ్చిన మనిషే 'ప్రిన్స్' రాశాడంటే, ఆ ఆశ ఆయన చేతిలో చచ్చిపోయిందా, లేక మరో రూపంలో మిగిలిందా? ముడి అక్కడుంది.

తొలినాటి జవాబులు తొందరపాటువి. ఇంగ్లండుకు చెందిన కార్డినల్ రెజినాల్డ్ పోల్ 1539 ప్రాంతంలో 'ప్రిన్స్'ను సైతాను చేతి రాత అన్నాడు. తాను ఫ్లోరెన్స్ వెళ్లినప్పుడు, ఆ నగరాన్ని ఏలిన మెడిచీ కుటుంబాన్ని నాశనానికి నడిపించడానికే మాకియవెల్లి కావాలని అలాంటి సలహాలిచ్చాడని అక్కడివాళ్లు చెప్పారని కూడా రాశాడు. ఆక్స్‌ఫర్డ్‌లో స్థిరపడిన ఇటాలియన్ న్యాయకోవిదుడు అల్బెరికో జెంతిలి 1585లో ఇంకో అడుగు వేశాడు. రాజుకు బోధిస్తున్నట్టు నటిస్తూ రాజుల రహస్యాలను ప్రజలకు విప్పి చూపడమే ఆయన ఉద్దేశమన్నాడు. తత్వవేత్త స్పినోజాకూ ఆ ఊహ నచ్చింది. 1762లో రూసో దాన్ని ఐరోపా అంతటా వినపడేలా చెప్పాడు. 1958లో కూడా గారెట్ మాటింగ్లీ అనే చరిత్రకారుడు 'ప్రిన్స్' ఒక వ్యంగ్య రచన అని వాదించాడు.

ఈ వాదన మనసుకు హాయిగా ఉంటుంది. మనకు నచ్చిన మాకియవెల్లిని ఉంచుకుని, నచ్చనివాణ్ణి నాటకంలో పాత్రగా తీసేయవచ్చు. కానీ పొలం తగాదాలో దస్తావేజులోని మాటల కంటే ముందు దాని మీది తేదీ చూస్తారు. ఈ రెండు పుస్తకాలకూ ఆ పని చాలాకాలం ఎవరూ గట్టిగా చేయలేదు.

మొదటి ఆధారం ఒక ఉత్తరం. 1513 డిసెంబర్ 10న, రోమ్‌లో ఫ్లోరెన్స్ రాయబారిగా ఉన్న మిత్రుడు ఫ్రాంచెస్కో వెత్తోరికి మాకియవెల్లి రాసింది. దాని వెనక ఏం జరిగిందో చెప్పుకోవాలి. 1512 ఆగస్టు 29న స్పానిష్ సైన్యం ఫ్లోరెన్స్ పక్కనున్న ప్రాతో పట్టణాన్ని దోచి నెత్తురు పారించింది. మాకియవెల్లి పట్టుబట్టి తయారుచేసిన పౌరసైన్యం ఆ రోజు నిలవలేక పారిపోయింది. రిపబ్లిక్ కూలింది. పద్దెనిమిదేళ్లు నగరానికి దూరంగా ఉన్న మెడిచీలు తిరిగి వచ్చారు. నవంబర్ 7న మాకియవెల్లి ఉద్యోగం పోయింది. 1513 ఫిబ్రవరిలో మెడిచీలపై జరిగిన కుట్రకు సంబంధించిన ఒక జాబితాలో ఆయన పేరు దొరికింది. పట్టుకెళ్లి, చేతులు వెనక్కి విరిచి తాడుతో పైకి లాగి కిందికి వదిలే చిత్రహింస పెట్టారు. ఏమీ ఒప్పుకోలేదు. మార్చిలో జొవాన్ని మెడిచి పదో లియో పేరుతో పోప్ కావడంతో ఆ సంబరంలో ఖైదీలను వదిలారు. ఆయన నగరానికి దక్షిణంగా కొద్ది మైళ్ల దూరంలో ఉన్న సాంత్ ఆంద్రేయా పల్లెలోని సొంత ఇంటికి చేరాడు.

ఉత్తరంలో ఆ పల్లె దినచర్య ఉంది. పిట్టల వేట, అడవిలో కట్టెల బేరం, దారిపక్క సత్రంలో కసాయితో, పిండిమర మనిషితో పేకాట, చిన్న పైసాకు పెద్ద గొడవ. సాయంత్రం ఇంటికి వచ్చి బురద బట్టలు విప్పి, ఒకప్పుడు రాజసభలకు వేసుకెళ్లిన దుస్తులు తొడుక్కుని ప్రాచీనుల పుస్తకాల ముందు కూర్చుంటాడు. వాళ్లు చేసిన పనులకు కారణాలు అడుగుతాడు, వాళ్లు జవాబిస్తారు. ఆ నాలుగు గంటలూ పేదరికం గుర్తురాదు, చావు భయం ఉండదు అంటాడు. మానవతావాదం ఒక మనిషికి ఏమివ్వగలదో ఇంతకంటే బాగా చెప్పిన పుట నేను చదవలేదు. ఆ సంభాషణల్లోంచి రాజ్యాల గురించి ఒక చిన్న పుస్తకం తయారైందనీ, ఇంకా పెంచుతూ సానపెడుతున్నాననీ, దాన్ని జూలియానో మెడిచికి ఇవ్వాలనుందనీ రాశాడు. కారణం కూడా దాచుకోలేదు. ఈ మెడిచీలు నన్ను ఏదో ఒక పనిలో పెట్టుకోవాలి, మొదట రాయి దొర్లించే పనైనా సరే అన్నాడు.

వ్యంగ్య సిద్ధాంతం ఇక్కడే కూలిపోతుందని నా అభిప్రాయం. ప్రాణమిత్రుడికి రాసిన సొంత ఉత్తరంలో, పేదరికాన్ని తన నిజాయితీకి సాక్ష్యంగా చూపిస్తూ, పని ఇప్పించమని అడిగే మనిషి ఆ పుస్తకాన్ని ఎగతాళికి రాయడు. ఈ ఉత్తరం 1810 దాకా అచ్చు కాలేదు. జెంతిలి, స్పినోజా, రూసోల ముందు ఇది లేదు. మాటింగ్లీకి మాత్రం ఆ సాకు లేదు.

కాబట్టి 1513 చివరికి 'ప్రిన్స్' రూపు దిద్దుకుంది. 1514 జనవరికి వెత్తోరి కొన్ని అధ్యాయాలు చదివి మెచ్చుకున్నాడు కూడా. మరి లివీ వ్యాఖ్యానాల సంగతేమిటి?

ఇక్కడ రెండో ఆధారం అడ్డం తిరుగుతుంది. 'ప్రిన్స్' రెండో అధ్యాయం మొదట్లోనే ఒక వాక్యం ఉంది. రిపబ్లిక్‌ల గురించి మరోచోట విస్తారంగా చర్చించాను కనుక ఇక్కడ వదిలేస్తున్నాను అన్నది దాని సారాంశం. 'మరోచోట' అంటే లివీ వ్యాఖ్యానాలే అయితే, అది 1513కు ముందే ఉండాలి. అదే సమయంలో లివీ వ్యాఖ్యానాల రెండో భాగం మొదటి అధ్యాయంలోనూ, మూడో భాగంలోనూ 'ప్రిన్స్' ప్రస్తావన ఉంది. రెండు పుస్తకాలూ ఒకదాన్నొకటి వేలెత్తి చూపిస్తున్నాయి. ఏది ముందు?

పాత సంప్రదాయం చెప్పిన జవాబు ఇది. 1513 వసంతంలో లివీ వ్యాఖ్యానాలు మొదలుపెట్టాడు. మొదటి భాగం 18వ అధ్యాయం దగ్గర ఆగాడు. చెడిపోయిన నగరంలో స్వేచ్ఛను నిలపాలంటే దాదాపు రాజుకుండే అధికారం కావాలని ఆ అధ్యాయం చెబుతుంది. ఆ మాట దగ్గరే కలం పక్కన పెట్టి, ఆ రాజు కోసం 'ప్రిన్స్' రాసి, మళ్లీ వెనక్కి వచ్చాడు. చక్కగా కుదిరే కథ. అందువల్లే చాలామంది నమ్మారు.

1953లో చరిత్రకారుడు ఫీలిక్స్ గిల్బర్ట్ మరో దారి చూపించాడు. లివీ వ్యాఖ్యానాల్లో ఎక్కువ అధ్యాయాలు లివీ కథనం వరుసనే అనుసరిస్తాయి. మొదటి 18 అధ్యాయాలు మాత్రం అలా ఉండవు, సొంత క్రమంలో నడుస్తాయి. అంటే అవి వేరే పుస్తకంలోవి అయి ఉండాలి, రిపబ్లిక్‌ల గురించి మాకియవెల్లి అంతకుముందే రాసి పక్కన పెట్టిన పుస్తకం ఒకటి ఉండాలి, 'ప్రిన్స్' వాక్యం దాన్నే సూచిస్తూ ఉండాలి అన్నాడు. పదునైన పరిశీలన. కాకపోతే ఆ పుస్తకాన్ని చూసినవాడు లేడు, దాని గురించి విన్నవాడు లేడు.

మూడో జవాబు హాన్స్ బారన్‌ది. బెర్లిన్‌లో పుట్టిన యూదు చరిత్రకారుడు, నాజీలు వచ్చాక జర్మనీ వదిలి చివరికి షికాగోలోని న్యూబెరీ గ్రంథాలయంలో స్థిరపడ్డాడు. పౌర మానవతావాదం అనే ఆలోచనను చరిత్రకారుల మధ్య నిలబెట్టినవాడు ఆయనే. 1402లో మిలన్ పాలకుడు జాన్ గలెయాత్సో విస్కొంతి ఫ్లోరెన్స్‌ను దాదాపు చుట్టుముట్టిన ప్రమాదంలోంచే, గ్రంథాలయాల్లో ఉన్న పాండిత్యం స్వేచ్ఛను సమర్థించే రాజకీయ భాషగా మారిందని ఆయన వాదన. ఆ వాదన మొత్తం బ్రూని ఏ రచన ఏ ఏడాది చేశాడన్న తేదీల మీద నిలుస్తుంది. తన కళ్లముందే ఒక రిపబ్లిక్ కూలిపోవడం చూసిన మనిషి, రిపబ్లిక్‌ను ప్రేమించిన రచయితల తేదీల కోసం జీవితమంతా వెచ్చించాడు. 1961లో అదే పద్ధతిని మాకియవెల్లి మీద పెట్టాడు. రెండో అధ్యాయంలోని ఆ ఒక్క వాక్యం 1513 నాటిది కాదు, తర్వాత చేర్చింది, మిగతా ఆధారాలన్నీ అటే లాగుతున్నాయి అన్నాడు.

ఆ మిగతా ఆధారాలు చూద్దాం.

'ప్రిన్స్' 16వ అధ్యాయం పిసినారితనం గురించి. అక్కడ ఇప్పటి ఫ్రాన్స్ రాజు ఎంతో కాలంగా పొదుపు చేసినందువల్లే కొత్త పన్ను వేయకుండా ఇన్ని యుద్ధాలు చేయగలిగాడని ఉంది. ఆ పొదుపరి పన్నెండో లూయీ. ఆయన 1515 జనవరి 1న చనిపోయాడు. ఆ తర్వాత రాసి ఉంటే ఆ మాట నిలవదు. ఇటు లివీ వ్యాఖ్యానాల మొదటి భాగం 23వ అధ్యాయంలో 1515లో ఇటలీ మీదికి వచ్చిన ఫ్రాన్స్ రాజు ఫ్రాన్సిస్ కనిపిస్తాడు. రెండో భాగంలో 1517 నాటి ఉర్బీనో యుద్ధం నిన్నమొన్నటి సంగతిలా వస్తుంది. ఒక పుస్తకంలో గడియారం 1513 దగ్గర ఆగింది, రెండోదానిలో 1517 దాకా నడిచింది. చివరి తేదీలు తర్వాత చేర్పులు కావచ్చు కదా అని అడగవచ్చు. ఒకటి రెండు అయితే నిజమే. కానీ అలాంటివి చాలా చోట్ల, చర్చలో కలిసిపోయి ఉన్నాయి.

ఇంకో జాడ గ్రీకు చరిత్రకారుడు పొలీబియస్‌ది. లివీ వ్యాఖ్యానాల మొదటి భాగం రెండో అధ్యాయంలో రాజరికం నియంతృత్వంగా, పెద్దల పాలన కొద్దిమంది దోపిడీగా, ప్రజాపాలన అరాచకంగా చెడిపోయి మళ్లీ మొదటికి తిరిగే చక్రాన్ని మాకియవెల్లి వివరిస్తాడు. అది పొలీబియస్ ఆరో గ్రంథంలోది. మాకియవెల్లికి గ్రీకు రాదు. మొదటి ఐదు గ్రంథాలకు లాటిన్ అనువాదం ఉంది, ఆరోదానికి అప్పటికి అచ్చులో లేదు. మరి ఎలా చదివాడు? 1956లో చరిత్రకారుడు జె. హెచ్. హెక్స్టర్ ఈ ప్రశ్న పట్టుకుని తవ్వాడు. గ్రీకు తెలిసినవాళ్ల సాంగత్యం దొరికాకే, అంటే 1515 తర్వాతే, అది ఆయనకు అందివుండాలన్నది ఆయన లెక్క. ఇది పూర్తిగా బిగుసుకున్న ఆధారం కాదు. బెర్నార్దో రుచెల్లాయ్ అనే ఫ్లోరెన్స్ పండితుడు అంతకు చాలా ఏళ్ల ముందే ఆరో గ్రంథం నుంచి ఉటంకించాడు. కానీ ఆ పేరే మనల్ని తర్వాతి ఆధారం దగ్గరికి చేరుస్తుంది.

బెర్నార్దో రుచెల్లాయ్ తన భవనం పక్కన పెంచిన తోటలో పండితులు చేరేవారు. ఆయన 1514లో చనిపోయాక మనవడు కోసిమో ఆ గోష్ఠిని నడిపాడు. 1514 ఆగస్టులో మాకియవెల్లి వెత్తోరికి రాసిన ఉత్తరంలో, ప్రేమలో పడ్డాననీ, ప్రాచీనుల సంగతులు చదవడం మీదా ఇప్పటి సంగతులు చర్చించడం మీదా రుచి పోయిందనీ చెప్పుకున్నాడు. లివీ మీద మహావ్యాఖ్యానం సాగుతున్న రోజుల్లో ఎవరూ అలా రాయరు. ఆ తర్వాతే ఎప్పుడో ఆయన రుచెల్లాయ్ తోటలోకి వచ్చాడు. అక్కడ చిన్న వయసు వాళ్లు, పాత కుటుంబాల పిల్లలు, రోమ్ చరిత్ర గురించి వినాలని ఆత్రపడేవాళ్లు దొరికారు. ఆ గోష్ఠి మిత్రుడే అయిన ఫిలిప్పో నెర్లి, వాళ్లు అడగ్గానే మాకియవెల్లి లివీ మీద ఆ పుస్తకం రాశాడని తన చరిత్రలో నమోదు చేశాడు. అంకితం కూడా అదే చెబుతుంది. లివీ వ్యాఖ్యానాలు ఆ తోటలోని జనోబి బువొండెల్మొంతికీ, కోసిమో రుచెల్లాయ్‌కూ అంకితం. పుస్తకాలను రాజులకు అంకితమివ్వడం రచయితల అలవాటనీ, తాను మాత్రం రాజులైనవాళ్లను వదిలి రాజులు కాదగ్గ గుణాలున్నవాళ్లను ఎంచుకున్నాననీ అందులో రాశాడు. కోసిమో 1519లో చనిపోయాడు, కాబట్టి పుస్తకం అంతకుముందే పూర్తయింది.

'ప్రిన్స్' అంకితం వేరే కథ. మొదట అనుకున్న జూలియానో 1516 మార్చిలో చనిపోయాడు. ఇప్పుడున్న అంకితం ఆయన అన్న కొడుకు లొరెన్సో పేరున ఉంది. లొరెన్సో 1516 అక్టోబర్‌లో ఉర్బీనో డ్యూక్ అయ్యాడు. అంకితంలో ఆ బిరుదు లేదు. కాబట్టి అది అంతకు ముందుదే. 1515, 1516లో పాత రాతప్రతిని తీసి, కొత్త పేరుకు అంకితం రాస్తున్నప్పుడు, అప్పటికే లివీ పని మొదలైంది కనుక రెండో అధ్యాయంలో ఆ ఒక్క వాక్యం చేర్చాడు అంటాడు బారన్. 'ప్రిన్స్'కు మాకియవెల్లి చేతిరాత ప్రతి మిగల్లేదు, ఉన్నవి ఇతరులు రాసుకున్న నకళ్లే, కాబట్టి ఆ చేర్పును నేరుగా రుజువు చేయలేం. అయినా తేదీల ఆధారాలన్నీ కలిపి తూచితే, బారన్ చెప్పిన వరుసే నిలుస్తుందని నాకు అనిపిస్తుంది. ముందు 'ప్రిన్స్', తర్వాత లివీ.

అయితే ఆ వరుసలోంచి బారన్ తీసిన ముగింపుతో నేను ఏకీభవించలేను. 1513లో అధికారాన్ని ఆరాధించిన మనిషి, తోటలోని కుర్రవాళ్ల సాంగత్యంలో రిపబ్లిక్ వైపు మారాడన్నట్టు సాగుతుంది ఆయన కథనం. తేదీలు అంత చెప్పవు. దానికి ఎదురు చెప్పే ఆధారాలు మాకియవెల్లి పుట్టిన ఇంట్లోనే ఉన్నాయి.

తండ్రి బెర్నార్దో మాకియవెల్లి న్యాయశాస్త్రం చదివినవాడు, రాబడి తక్కువ, పుస్తకాల మీద ప్రేమ ఎక్కువ. ఆయన 1474 నుంచి 1487 దాకా రాసిన ఖర్చుల పుస్తకం 1954లో అచ్చయింది. అందులో ఒక ఒప్పందం ఉంది. 1475లో ఒక ముద్రాపకుడు లివీ చరిత్రలోని ఊళ్లు, నదులు, కొండల పేర్లన్నిటికీ సూచిక తయారుచేయమని అడిగాడు. బెర్నార్దో నెలల తరబడి ఆ పని చేశాడు. ప్రతిఫలం డబ్బు కాదు, అచ్చయిన ఆ లివీ కాగితాలే. బైండు చేయించడానికి పదేళ్లు పట్టింది. 1486లో ఆ బైండుకు కూలిగా మూడు సీసాల ఎర్ర ద్రాక్షసారా, ఒక సీసా వెనిగర్ ఇచ్చి పంపిన లెక్క ఉంది. తీసుకెళ్లింది పదిహేడేళ్ల నికొలో. ఆ ఇంట్లో లివీ అల్మరాలో అలంకారం కాదు, తండ్రి శ్రమకు దక్కిన జీతం. అలాంటి పిల్లవాడు 47వ ఏట కొత్త మిత్రుల వల్ల రోమన్ రిపబ్లిక్‌ను కనుక్కున్నాడంటే నమ్మకం కలగదు.

'ప్రిన్స్' లోపలే ఇంకా బలమైన సాక్ష్యం ఉంది. ఐదో అధ్యాయం తెరవండి. స్వేచ్ఛకు అలవాటుపడిన నగరాన్ని పట్టుకున్న రాజు ఏం చేయాలి? నేలమట్టం చేయాలి, లేదా తనే వెళ్లి అక్కడ కాపురముండాలి అంటాడు. క్రూరమైన సలహా. దానికి ఆయన చెప్పే కారణం వేరు. ఎన్నేళ్లు గడిచినా, ఎన్ని మేళ్లు చేసినా ఆ జనం స్వేచ్ఛ పేరును మరిచిపోరు, అదును దొరికిన నాడు లేచి నిలబడతారు. ఉదాహరణ పీసా. 1406లో ఫ్లోరెన్స్ చేతిలో పడిన పీసా, 1494లో ఎదురుతిరిగింది. పదిహేనేళ్లు పోరాడి 1509లో దాన్ని తిరిగి లొంగదీసిన సేనల వెంట మాకియవెల్లి స్వయంగా తిరిగాడు. రిపబ్లిక్‌లలో ప్రాణం ఎక్కువ, పగ ఎక్కువ అని ఆయన రాసింది పుస్తకాల్లో చదివి కాదు. కొత్త రాజుకు ఇచ్చే పుస్తకంలో, ఫ్లోరెన్స్ లాంటి నగరాన్ని ఆపడం ఎంత కష్టమో ఆ రాజు ముఖానే చెప్పాడు.

తొమ్మిదో అధ్యాయంలో ప్రతి నగరంలోనూ రెండు స్వభావాలుంటాయంటాడు. పెద్దలు అణచాలనుకుంటారు, జనం అణగకుండా ఉంటే చాలనుకుంటారు. జనం కోరిక న్యాయమైనది, కనుక రాజు జనం మీదే ఆధారపడాలి. లివీ వ్యాఖ్యానాల మొదటి భాగం నాలుగు, ఐదు అధ్యాయాల్లో ఇదే ఆలోచన మళ్లీ వస్తుంది, ఈసారి స్వేచ్ఛకు కాపలా పెద్దల చేతిలో ఉండాలా సామాన్యుల చేతిలో ఉండాలా అన్న ప్రశ్నతో. నగరంలో అందరూ ఒక్కమాట మీద ఉండటమే క్షేమమని తరాలుగా చెప్పుకొచ్చిన పండితులకు ఇది మింగుడుపడని సంగతి. రెండు పుస్తకాల వెన్నెముకా ఇదే. అది 1513లోనే ఉంది.

మరి మానవతావాదం ఎక్కడ తెగింది? తెగిన చోటు మాకియవెల్లే చూపించాడు. రోమన్ వక్త సిసెరో తన 'విధులు' గ్రంథంలో, అన్యాయం రెండు రకాలు, బలంతో చేసేది సింహం పని, మోసంతో చేసేది నక్క పని, రెండూ మనిషికి తగనివి, మోసం మరీ నీచం అన్నాడు. లాటిన్ నేర్చిన ప్రతి కుర్రవాడూ చదివే పాఠం అది. 'ప్రిన్స్' 18వ అధ్యాయం సరిగ్గా ఆ రెండు జంతువులనే తీసుకుని, పాలకుడు రెండూ కావాలంటుంది. సిసెరో పేరు ఎత్తకుండానే. చదివినవాళ్లకు ఎవరితో తగవు పడుతున్నాడో తెలుస్తుంది. భయం కంటే ప్రేమే అధికారానికి గట్టి పునాది అన్న సిసెరో మాటను 17వ అధ్యాయం అలాగే తిప్పేస్తుంది. ప్రాచీనుల్ని వదిలేసినవాడు ఇలా వాదించడు. వాళ్లతో రాత్రుళ్లు మాట్లాడినవాడే, వాళ్లు చెప్పిన నీతినీ వాళ్లు చేసిన పనులనూ పక్కపక్కన పెట్టి చూడగలడు. సిసెరో చెప్పిన నీతి కంటే లివీ రాసిన పనులే ఆయనకు పెద్ద గురువు.

క్వెంటిన్ స్కిన్నర్ వంటి చరిత్రకారులు గుర్తుచేసిన సంగతి ఒకటుంది. రాజుకు హితబోధ, స్వేచ్ఛా నగరానికి స్తుతి ఈ రెండూ మానవతావాదులు తరాలుగా రాసిన రచనా రూపాలే. ఎదుట ఎవరున్నారో చూసి మాట్లాడమని వక్తృత్వం నేర్పుతుంది. మాకియవెల్లి ఎదుట 1513లో మెడిచీలున్నారు, 1516 తర్వాత తోటలోని పౌరులున్నారు. వేర్వేరు శ్రోతలు, వేర్వేరు ప్రశ్నలు. ఇంతవరకూ ఒప్పుకోవచ్చు. కానీ శ్రోత మారాడన్నంత మాత్రాన సరిపోదు. రెండు ప్రశ్నలకూ ఒకే మనసులో చోటెలా దొరికిందో చూపించే ఆధారం కావాలి. అది ఉంది. పండితులు దాన్ని ఎప్పుడూ ఎరుగుదురు. మామూలు పాఠకుల దాకా మాత్రం అరుదుగా వస్తుంది.

1519 మేలో, మెడిచీల తరఫున ఫ్లోరెన్స్‌ను నడుపుతున్న ఆ లొరెన్సో చనిపోయాడు. ఫ్లోరెన్స్‌ను ఇక ఎలా నడపాలన్న ప్రశ్న పోప్ లియో ముందుకు, నగరాన్ని చూసుకుంటున్న కార్డినల్ జూలియో మెడిచి ముందుకు వచ్చింది. సలహాలు అడిగారు. 1520 చివర్లోనో 1521 మొదట్లోనో మాకియవెల్లి ఒక నివేదిక రాసిచ్చాడు. ఫ్లోరెన్స్ ఎన్నడూ పూర్తి రాజ్యమూ కాలేదు, పూర్తి రిపబ్లిక్కూ కాలేదు, అందుకే నిలకడ లేదు అని మొదలుపెడతాడు. ఇక్కడి పౌరుల్లో సమానత్వం పాతుకుపోయింది, అలాంటి చోట రాజరికం నిలపడం కష్టం, అమానుషం కూడా అంటాడు. తర్వాత పథకం. మీ ఇద్దరూ బతికున్నంతకాలం నియామకాలన్నీ మీ చేతిలోనే ఉంచుకోండి. కానీ వ్యవస్థను ఇప్పుడే ఎలా కట్టాలంటే, మీ తర్వాత అది దానంతటదే రిపబ్లిక్‌గా నడవాలి. పెద్దలకు ఒక సభ, మధ్యవారికి ఒక సభ. జనం కోసం, 1512లో మీ కుటుంబమే మూసేసిన మహాసభ మందిరాన్ని మళ్లీ తెరవండి, వెయ్యి మందితో, కనీసం ఆరు వందల మందితో. సామాన్యులను తృప్తిపరచకుండా ఏ రిపబ్లిక్కూ నిలబడలేదు. దేశానికి మంచి చట్టాలిచ్చినవాళ్లకు దక్కే కీర్తికి మించింది లేదు.

ఇది చదివాక 'ప్రిన్స్'నూ లివీ వ్యాఖ్యానాల మొదటి భాగం తొమ్మిదో అధ్యాయాన్నీ పక్కపక్కన పెట్టండి. కొత్త రాజ్యాన్ని నెలకొల్పడానికి ఒక్కడే ఉండాలి, తమ్ముణ్ణి చంపిన రోములస్‌ను కూడా అందుకే క్షమించవచ్చు అంటుంది ఆ అధ్యాయం. వెంటనే, నెలకొల్పినది ఒక్కడి భుజాల మీద ఎక్కువకాలం నిలవదు, చాలామంది చేతుల్లోకి వెళ్లాలి అంటుంది. కట్టేది ఒకరు, కాపాడేది అందరు. 'ప్రిన్స్' మొదటి సగం, లివీ వ్యాఖ్యానాలు రెండో సగం, ఈ నివేదిక ఆ రెండింటినీ ఒకే కాగితం మీద ఒకే పాలకుడికి చెప్పిన మాట. మనసు మారిన మనిషి కనబడడు. ఉద్యోగం పోయి, ఒళ్లు హూనమై, ఉన్న పరిస్థితిలోంచే నగరానికి మళ్లీ స్వేచ్ఛ ఎలా తేవాలా అని ఆలోచించిన మనిషి కనబడతాడు.

దీనితో 'ప్రిన్స్' కడిగిన ముత్యమైపోదు. ఏడో అధ్యాయంలో క్రూర పాలకుడు చేజరె బోర్జా మీద చూపిన మెప్పు మెప్పే. తోటి మనుషుల ప్రాణాలను పథకంలో లెక్కలుగా చూసే ఆ పుటల దగ్గర ఇప్పటికీ ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బందిని దాటవేయడానికే వ్యంగ్య సిద్ధాంతం పుట్టిందని నా అనుమానం. కానీ ఆయన ఆలోచనలో అసలు పగులు క్రూరత్వంలో లేదు. ఒక్కడి చేతికి అంత అధికారం ఇచ్చాక, అతను దాన్ని నగరానికి తిరిగి ఇస్తాడన్న హామీ ఎక్కడుంది? ఈ ప్రశ్నను శత్రువులకంటే ముందు ఆయనే వేసుకున్నాడు. పాతకాలం పండితులు ఆయన కలం ఆగిందని అనుకున్న ఆ 18వ అధ్యాయంలోనే ఉంది. మంచివాడు చెడ్డ దారిలో అధికారానికి రావడానికి ఇష్టపడడు, చెడ్డ దారిలో వచ్చినవాడికి దాన్ని మంచికి వాడాలని తోచదు, చెడ్డ దారిలో వచ్చి మంచికి వాడే మనిషి దొరకడం దాదాపు అసాధ్యం అని రాశాడు. రాసి, రెండు మూడేళ్లకు, ఆ అసాధ్యాన్నే మెడిచీలను అడిగాడు.

లియో 1521 డిసెంబర్‌లో చనిపోయాడు. నివేదిక అమలు కాలేదు. 1522లో రుచెల్లాయ్ తోట మిత్రులు కొందరు కార్డినల్ జూలియోను చంపడానికి కుట్ర పన్నారు. అది బయటపడి ఇద్దరి తలలు తెగాయి. లివీ వ్యాఖ్యానాల అంకితం అందుకున్న బువొండెల్మొంతి పారిపోయి ప్రాణం దక్కించుకున్నాడు. కుట్రల గురించి మాకియవెల్లి రాసిన అధ్యాయాన్ని వాళ్లు శ్రద్ధగా చదివి ఉంటే ఆ పనికి దిగేవాళ్లు కాదని, దిగినా జాగ్రత్తపడేవాళ్లని నెర్లి రాశాడు. ఆ పుస్తకం మొత్తంలో అన్నిటికంటే పొడవైన అధ్యాయం అది. జూలియో మరుసటి ఏడాదే ఏడో క్లెమెంట్ పేరుతో పోప్ అయ్యాడు. మాకియవెల్లి రెండు పుస్తకాలూ అచ్చయింది ఆయన అనుమతితోనే. 'ప్రిన్స్' వెలువడిన 1532లోనే, ఏప్రిల్ నెలలో, ఫ్లోరెన్స్ పాత పాలకసభ సిగ్నోరియాను రద్దుచేసి అలెస్సాండ్రో మెడిచిని డ్యూక్‌గా ప్రకటించారు.